మా పెద్దోడు వినకుండా వదిలిన ఆల్బం

మా పెద్దోడు పోయాడు. వానలు మొదలైన వారంలో కామెర్లు వచ్చాయి. తగ్గుతాయనుకున్నాం, తగ్గలేదు. ఆసుపత్రికి నడిచి వెళ్ళినవాడు తిరిగి ఇంటికి రాలేదు. ముంబై దగ్గరి మా పద్మనగర్‌లో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళు మాత్రం ఇప్పటికీ మా గల్లీలో ఆగి, "ఏందక్కా, ఈ మధ్య మీ ఇంట్ల లొల్లి వినవడ్తలేదు?" అని అడుగుతున్నారు. లొల్లి అంటే వాడు పెట్టే రాక్ పాటలు.

వాడికి ఒక ఇంగ్లీషు బృందమంటే ప్రాణం. నలుగురూ జుట్టు పెంచినవాళ్ళే. వాళ్ళ కొత్త ఆల్బం కోసం ఆసుపత్రి మంచం మీద కూడా ఎదురుచూశాడు. "నేనొచ్చేదాక వినకే అమ్మా. వింటే నీతో కటీఫ్" అన్నాడు. వాడు పోయాక అది విడుదలైంది. వినాలా, వద్దా? ఇన్ని రోజులూ నాలో నేను కొట్లాడుకున్నది దీని గురించే.

పక్క ఊరు పూర్ణలో గోదాము పనికి పోయినా, గుడికి పోయినా వాడికి నల్ల అంగీయే, దాని మీద పుర్రె. మా తమ్ముడి బిడ్డ పెళ్ళికి కూడా అట్లాగే వచ్చాడు. పక్కింటి వదిన బుగ్గలు నొక్కుకుంది.

"ఏంది వదినా, కొడుకును దిష్టిబొమ్మ లెక్క తయారు జేసినవు?"

"మంచిదే గదత్తా, పెళ్ళికి దిష్టి తాకది" అన్నాడు వాడు.

ఆమె తక్కువదా? పళ్ళెంలోంచి కుంకుమ తీసి ఆ పుర్రె నుదుటన బొట్టు పెట్టింది. ఎంత ఉతికినా ఆ మరక పోలేదు. నా కొడుకు దాన్ని అట్లాగే వేసుకొని తిరిగాడు.

వాడి పాట మొదటిసారి విన్నప్పుడు సాంచ విరిగిందేమోనని నేను కార్ఖానాలోకి ఉరికాను. మేము పవర్‌లూమ్‌ను సాంచ అంటాం. మా ఇంటి కిందనే నడుస్తాయి. చిన్నప్పుడు వాడు ఆ మోతకే నిద్రపోయేవాడు. కరెంటు పోతే లేచి ఏడ్చేవాడు. అట్లాంటివాడికి మెల్లని పాటలు ఎట్లా నచ్చుతాయి?

శుక్రవారం సాంచాలకు సెలవు. కొత్త ఆల్బం వచ్చిందంటే ఆ శుక్రవారం నన్ను కార్ఖానాలో కూర్చోబెట్టి పెద్ద స్పీకరు పెట్టేవాడు. "నచ్చకుంటే తిట్టు. గని మధ్యల లేవకు" అనేవాడు. నేను చిక్కుడుకాయలు గిల్లుకుంటూ వినేదాన్ని. అయిపోగానే అడిగేవాడు.

"ఎట్లుందే?"

"ఆ డప్పు కొట్టేటోడు మస్తు తొందరపడుతుండు. ఇంటికాడ చుట్టాలొచ్చిన్రా ఏంది? పాడేటోనికి అరుపులు తగ్గినయి. పెళ్ళైందా?"

వాడు పడీ పడీ నవ్వి, నా మాటలను హిందీలో రాసి దోస్తులకు పంపేవాడు. పాట వినకముందే వాళ్ళు "ఆంటీ ఏమన్నది?" అని అడిగేవాళ్ళట. ఆ పాడేవాడికి నిజంగానే పెళ్ళయిందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి నాకు విలువ పెరిగింది.

పోయిన చలికాలం ఆ బృందం ముంబైకి వచ్చింది. నన్నూ పక్కింటి వదిననూ తీసుకెళ్ళాడు. ఆ మోతలో చుట్టూ ఉన్న పిల్లలు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నా మాట వినబడడం లేదు. మాకేం కష్టం? సాంచాల మధ్య బతికినవాళ్ళం. పెదాలు చూస్తే మాట తెలుస్తుంది, తక్కువ పడితే చేతి సైగ ఉంది. వదిన తన కోడలి సంగతి మొత్తం అక్కడే చెప్పింది. వాడు మధ్యలో రెండు చేతులూ జోడించాడు, ముందుకు చూడండి అని.

ఉన్నట్టుండి మోత ఆగింది. దీపాలన్నీ ఆరిపోయాయి. కార్ఖానాలో కరెంటు పోతే ఎవరూ ఊరికే కూర్చోరు, చాయ్‌కి పోతారు. మేమిద్దరం కూడా లేచాం. చీకట్లో జనాన్ని తోసుకుంటూ బయటికి వచ్చి చాయ్ బండి వెతుకుతుంటే లోపల అందరూ ఒక్కసారిగా కేక పెట్టారు. వాడు ఏళ్ళుగా ఎదురుచూసిన పాట అప్పుడే మొదలైందట. దాన్ని వదిలేసి మమ్మల్ని వెతుకుతూ ఉరికి వచ్చాడు.

"అమ్మా! కరెంటు పోలేదే! అది స్టైల్!"

"గదేం స్టైల్‌రా? చీకట్ల వాళ్ళకు తీగలెట్ల కనవడ్తయి?"

"గింత పెద్దోళ్ళకు ఇన్వర్టర్ లేదా?" అంది వదిన.

కోప్పడతాడనుకున్నాను. నేల మీద కూలబడి, కడుపు పట్టుకొని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మిగిలిన పాట ముగ్గురం గోడ అవతల నిలబడి విన్నాం. నా భుజం మీద చెయ్యేసి పట్టుకొని, పాట మొత్తం గొంతెత్తి పాడాడు. వాడు అంత బాగా పాడతాడని నాకు ఆ రోజే తెలిసింది. బాగా అంటే, గట్టిగా.

మొన్న వాడి దోస్తులు వచ్చారు. వాళ్ళూ ఇంకా ఆ ఆల్బం వినలేదట. "ఆంటీ, మీరు వినకుండా మేమెట్ల వింటం?" అని తల వంచుకున్నారు. మా ఆయన లోపలి నుంచి, "ఇంకెన్ని దినాలాగుతవే? ఆ పాడేటోళ్ళు గుడ ముసలోళ్ళైతరు" అన్నాడు. అని, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

శుక్రవారం పెట్టమన్నాను. కటీఫ్ అంటాడా, అననీ. ఆ మాట అనడానికైనా వాడు ఒకసారి రావాలి కదా.

శుక్రవారం దోస్తులు వచ్చి కార్ఖానాలో కూర్చున్నారు. వాడు పోయినప్పటి నుంచి స్పీకరును ఎవరూ ముట్టలేదు. కార్ఖానాలో ఎగిరే దూది దాని నిండా పేరుకుంది. తుడుద్దామని కొంగు తీసుకునేలోపే పాట మొదలైంది. దోస్తులు నా మొహమే చూస్తున్నారు.

"ఎట్లుంది ఆంటీ?"

"ఆగుండ్రి. ఇంకా కానియ్యుండ్రి."

నేను కొంగు వదిలేశాను. డప్పు దెబ్బ పడినప్పుడల్లా ఆ తెల్లటి నూగు కొంచెం పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చి స్పీకరు మీదే వాలుతోంది.