బాపు తెచ్చిన బొగ్గుకుప్ప నీళ్ళు

మొన్న మా మనవరాలు ఇంటరు జీవశాస్త్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఉడుకుడుకు నీళ్ళలోనూ ఘాటైన ఆమ్లంలోనూ హాయిగా బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవుల గురించి పైకి చదువుతుంటే, నేను ఒలుస్తున్న చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయాయి. అమ్మమ్మా, ఇవి నీకు తెలుసా అంది. తెలుసన్నాను. ఎంత బాగా తెలుసో దానికి చెప్పలేకపోయాను గానీ, మీరు నా ఈడు వాళ్ళు, మీకైనా చెప్పుకుంటే నాలుగు చీవాట్లు పెడతారేమోనని ఆశ.

డెబ్బైల చివరి మాట. మాది కోస్తా. చదువు కోసం వచ్చి, పాతబస్తీ శాలిబండలో మా పిన్ని వాళ్ళింట్లో ఉంటూ, బస్సు దొరికితే బస్సులో, లేకపోతే నడిచి, నయాపూల్ అవతల ఒక కాలేజీకి పరిశోధన కోసం వెళ్ళేదాన్ని. నేను రోజంతా సూక్ష్మజీవులతో గడిపి వస్తానని పిన్నికి ఒకటే బెంగ, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటే గానీ ఆవకాయ జాడీ మూత ముట్టనిచ్చేది కాదు. మా ల్యాబులో అటెండరొకాయన ఉండేవాడు, వయసులో పెద్ద కనుక అందరం బాపు అనేవాళ్ళం. పన్నెండేళ్ళుగా రోజుకూలీ మీదే పనిచేస్తున్నాడు, ఆ ఏడే పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో పేరెక్కింది. ఆ సంబరంలో మనిషి గాలిలో తేలుతుండేవాడు.

మా మనవరాలు చదివిన అలాంటి జీవులే, గనుల దగ్గర వాటంతటవే రాజుకునే బొగ్గుపొట్టు కుప్పల్లో దొరికాయని మా ప్రొఫెసరు గారు ఏదో విదేశీ పత్రికలో చదివి, మన దగ్గరా ఉంటాయేమోనని తెగ ఆరాటపడ్డారు. బాపు బావమరిది బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఇంకేం, బాపు సొంతంగా వెళ్ళి, పొగలు కక్కుతున్న ఒక కుప్ప కింద ఊరిన నీళ్ళు థర్మాసు ఫ్లాస్కులో పట్టి, దాన్ని శాలువాలో చుట్టి, రైలంతా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాడు. ఆ నీళ్ళను ఆమ్లపు పులుపు తగ్గని ఆహారద్రవంలో కలిపి, అరవై డిగ్రీల నీళ్ళ తొట్టిలో ఉంచాం. కొన్నాళ్ళకు ద్రవం మసకబారింది. మైక్రోస్కోపు కింద చూస్తే గుండ్రంగా, సన్నగా, లెక్కలేనన్ని! బాపును కూడా పిలిచి చూపించాను. "మస్తున్నయి బిడ్డా, గోటీల లెక్క! గీ ఉడుకుల, గీ పులుపుల పానం ఎట్ల నిలుస్తుందో ఏమో," అని మురిసిపోయాడు.

తప్పు ఎక్కడ చేశానంటే, మామూలు బాక్టీరియాతో పనిచేసే మాకందరికీ ఒక అలవాటు ఉండేది. ఏ ద్రవమైనా సరే, పులుపు విరిచి, ఆమ్లమూ క్షారమూ కాని మధ్యస్థితికి తేవడం. అన్నంలో ఉప్పు వేసినంత యథాలాపంగా చేసేవాళ్ళం. అవి త్వరగా పెరిగితే ప్రొఫెసరు గారు మెచ్చుకుంటారని, ఎవరినీ అడక్కుండా, ఉన్న ఒక్క సీసాలో నాలుగు చుక్కలు క్షారం వేసి కలిపాను. మరి నాలుగు వేశాను. కాసేపటికి ద్రవం తేటపడినట్టు కనిపించింది. బొగ్గుమసి అడుక్కి దిగిందిలే అనుకున్నాను. నోటుబుక్కులో రాయను కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. బాపు కాలేజీ ఎదురుగా ఉన్న చాయ్ దుకాణానికి పరుగెత్తి, కెటిలు వెనక కెటిలు మరిగే నీళ్ళు తెచ్చి తొట్టిలో పోస్తూ, థర్మామీటరు మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. వేడి తగ్గనివ్వలేదు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని అంతా చూశాను.

మర్నాడు స్లైడు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. ప్రొఫెసరు గారు మండిపడ్డారు, నీళ్ళు చల్లారనిచ్చావని బాపు మీద విరుచుకుపడ్డారు. "లేదు సారూ, చాయ్ భట్టీ మీదికెళ్లి మసిలే నీళ్లు తెచ్చి పోసిన. గీ బిడ్డ సూసింది, అడుగుండ్రి," అన్నాడు బాపు. ఆయన నా వైపు తిరిగారు. ఉన్నానంటే ఇంకేం చేశావని అడుగుతారు, చుక్కల సంగతి బయటపడుతుంది, నా పరిశోధన గంగలో కలుస్తుంది. ఇదంతా ఒక్క క్షణంలో లెక్క వేసుకుని, నేను లైబ్రరీకి వెళ్ళానండీ అన్నాను. పర్మనెంటు జాబితాలోంచి బాపు పేరు కొట్టేశారు, నెల తిరగకుండా పనికి రావద్దన్నారు.

తర్వాత నేనూ అలాంటి విదేశీ పత్రికల్లోనే చదివాను. ఆ జీవికి కణం చుట్టూ గోడ లేదట, పలచని పొర ఒక్కటే ఉంటుందట, చుట్టూ ఆమ్లం ఉన్నంతసేపే ఆ పొర నిలుస్తుందట. పులుపు విరిస్తే పగిలిపోతుంది. కాస్త చల్లారితే మాత్రం పెరగడం ఆపుతుంది, అంతే. అంటే బాపు నిజంగా చల్లారనిచ్చి ఉన్నా అవి చచ్చేవి కావు. ఛీ, ఏం మనిషిని నేను! చదివాక కూడా వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. అప్పటికి నాకు డాక్టరేటు వచ్చేసింది.

కొన్నేళ్ళకు బేగంబజార్లో ఇత్తడి గిన్నెలు కొంటుంటే, ఆ కొట్లోనే మూటలు దించుతూ కనిపించాడు. నేను తప్పుకునేలోపే గుర్తుపట్టి, నవ్వుతూ వచ్చి, చాయ్ తెప్పించాడు. "నేనే చెడగొట్టిన బిడ్డా, నీళ్లు సల్లవడ్డయేమో. నువ్వు గా దినం లైబ్రరీకి పోయినవు గద, సోయిలేక నీ పేరు చెప్పిన. మనసుల పెట్టుకోకు," అన్నాడు. నా అబద్ధాన్ని ఆయన ఇన్నేళ్ళూ నమ్మి, తన కళ్ళతో చూసినదాన్ని తానే కాదనుకున్నాడు. ఇప్పుడైనా చెప్పు, చెప్పు అని లోపల కొట్టుకున్నాను. చాయ్ తాగి, గిన్నెలు తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత మళ్ళీ వెళ్తే, ఎటో వెళ్ళిపోయాడన్నారు.

ఈ మధ్య ఒక ల్యాబు చూడడానికి వెళ్ళాను. నీళ్ళ తొట్టి పక్కన చిన్న పెట్టె ఒకటి, వేడి ఎంతుందో నిమిషనిమిషానికీ తనే రాసుకుంటోంది. ఇక ఎవరినీ ఎవరూ అడగక్కర్లేదట. మంచిదే. బాపుకి ఆ రోజు అలాంటి పెట్టె లేదు. నేనున్నాననుకున్నాడు.