కామాక్షమ్మ ట్రంకుపెట్టె

మా అబ్బాయి ఉండే అపార్టుమెంటులో పొద్దుగూకితే చాలు, వరసగా తలుపులు మూసుకుంటున్న చప్పుడు. ముందు ఇనప గ్రిల్లు కిర్రుమంటుంది, తరువాత గొళ్ళెం, ఆ మీదట తాళం. లిఫ్టులో ఎవరు కలిసినా ఒకటే మాట, హైదరాబాదులో దొంగలు ఎక్కువైపోయారని. మొన్న ఎదురింటాయన తన తాళంలో నూనె చుక్కలు వేస్తుంటే, ఇనుమూ నూనే కలిసిన ఆ వాసన నేను కూర్చున్న కుర్చీ దాకా వచ్చింది. ఆ వాసనకు కామాక్షమ్మ గుర్తొచ్చింది. గుర్తు రాగానే కడుపులో సన్నగా మంట మొదలైంది. అసూయ అండీ. ఈ వయసులో ఇక దాచుకునేదేముంది?

నన్ను తీర్చిదిద్దింది ఎవరని అడిగితే నిజానికి ఆవిడ పేరే చెప్పాలి. చెప్పబోతే నోరు రాదు. నలుగురిలో కూర్చోవడం, నలుగురినీ కూర్చోబెట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నన్నాళ్ళూ ఆవిడను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.

నేను త్రిపురాంతకం నుంచి మార్కాపురానికి కోడలిగా వచ్చిన కొత్తలో మా వీధిలో చదువొచ్చిన ఆడది నేనొక్కదాన్నే. మా నాయన పట్టుబట్టి ఐదో తరగతి దాకా చదివించాడు. మా ఆయన దుకాణంలో పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు తూకానికి కొనేవాడు. వాటిలో కాస్త బాగున్నవి ఏరి, మధ్యాహ్నం పూట మా అరుగు మీద కూర్చుని పైకి చదివేదాన్ని. ఎప్పటివో తెలియని వార్తలు. అయినా వీధిలోని ఆడవాళ్ళంతా పనులు ముగించుకుని వచ్చి వినేవాళ్ళు. పక్కింటి పుల్లమ్మ వదిన అయితే చేటలో వేరుశనక్కాయలు తెచ్చుకుని, ఒలుస్తూ, "అబ్బ, మా సుబ్బులు నోట్లో సరస్వతి ఉంది మే" అనేది. ఆ మాట కోసం నేను చదివిందే మళ్ళీ చదివిన రోజులు ఉన్నాయి.

యుద్ధం రోజులు వచ్చాయి. మద్రాసు మీద బాంబులు పడతాయని పుకారు పుట్టి, అక్కడివాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు బయలుదేరారు. మా ఎదురుగా ఏళ్ళ తరబడి మూసి ఉన్న మిద్దె కామాక్షమ్మ మామగారిది. ఒకనాటి ఉదయం స్టేషను నుంచి ఎద్దుబండి వచ్చి ఆ ఇంటి ముందు ఆగింది. ఆవిడ ఒక్కతే దిగింది. భర్తకు మద్రాసు రేవులో ఉద్యోగం, వదిలి రావడానికి సెలవు లేదట. పిల్లలు లేరు. ఆవిడ వెంట వచ్చిందల్లా ఆకుపచ్చ రంగు ట్రంకుపెట్టె ఒకటి, దానికి అరచేతంత ఇత్తడి తాళం. బండివాడూ మా ఆయనా చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించారు.

"ఏముందమ్మా ఇందులో, ఇంత బరువు?" అన్నాడు బండివాడు రొప్పుతూ.

"ఉండాల్సినవే ఉన్నాయి నాయనా" అంది కామాక్షమ్మ.

ఆ ఒక్క మాటతో వీధి వీధంతా ఆవిడ వశమైపోయింది. రోజూ గొంతు చించుకుని పేపరు చదివేదాన్ని, నాకు అంత వరకూ దక్కని గౌరవం ఒక ట్రంకుపెట్టెకు దక్కింది. ఒళ్ళు మండదా మరి?

ఇక కథలు మొదలయ్యాయి. ఆవిడ వాళ్ళ అరుగు మీద కూర్చుని, తమలపాకు ఈనె తీస్తూ, మద్రాసు దొంగల సంగతులు చెప్పేది. కిటికీలోంచి వెదురుగడ దూర్చి దండెం మీది పట్టుచీరలు లాక్కుపోయేవాడి సంగతి. ట్రాములో పక్కన నిలబడి, దేవుడి పాట పాడుతూ మెడలో గొలుసు తెంపేవాడి సంగతి. "ఒకడైతే మీ పుట్టింటి వైపు చుట్టాన్నని వచ్చినాడు. కాళ్ళు కడుక్కొని, విస్తరి వేయించుకొని, పప్పూ చారూ శుభ్రంగా తిన్నాడు. తిన్న విస్తరి తానే ఎత్తి పారేస్తానని పెరట్లోకి పోయినాడు. విస్తరితో పాటు వెండి చెంబూ పోయింది" అని, అక్కడ ఆపేది. ఆపి ఆకుకు సున్నం రాసుకునేది. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టుకుని, ఆ సున్నం రాయడం ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ ఉండేవాళ్ళు. ఆ ఆపడం చూసే నాకు కడుపు మండిపోయేది. నేను చదివేటప్పుడు పేపరు చివర చినిగి ఉంటే తప్ప ఆపేదాన్ని కాదు.

వారం తిరగకుండానే నా అరుగు ఖాళీ. ఒక మధ్యాహ్నం నేను పేపరు విప్పి కూర్చుంటే ఎదుట ఎవరూ లేరు, ఒక మేక తప్ప. పుల్లమ్మ వదిన చేట పట్టుకుని నా ముందునుంచే అటు దాటింది.

"వదినా, ఇయ్యాల పేపర్లో మంచి సంగతి ఉంది" అన్నాను.

"రేపు చదువుదువులే అమ్మీ. పేపరు యాడికి పోతుంది?" అని, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మా వీధిలో ఒక్క దొంగతనమూ జరగలేదు. కానీ దొంగలు మాత్రం రోజురోజుకూ పెరిగిపోయారు. గాజులమ్మే మనిషి కొత్తవాడైతే దొంగ. సాంబ్రాణి వేసే ఫకీరు రెండుసార్లు వస్తే దొంగ. పలకల కార్ఖానాలో పనికి వచ్చిన బయటి ఊరివాళ్ళు మా వీధిన నడిస్తే పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్ళు. కమ్మరి ఇంటి ముందు గొళ్ళేల కోసం మగవాళ్ళు కాచుక్కూర్చున్నారు. అప్పటిదాకా పగలు తలుపు వేయడమే ఎరగని ఊరు అది. మా ఆయన కూడా అన్నం తింటూ, "కామాక్షమ్మ గారు చెప్పినట్ల పెరటి తలుపుకు అడ్డగడ పెట్టించాల" అన్నాడు. నేను అదే మాట పెళ్ళయిన కొత్తలో చెప్తే, పెరట్లో ఏముంది ఎత్తుకుపోవడానికి అన్న మనిషి! ఆ పూట ఆయనకు మజ్జిగ పొయ్యలేదు.

ఇదంతా ఒక ఎత్తు. మా అత్త చేసింది మరో ఎత్తు. మా అత్త పేరు వెంకమ్మ. మాటలు తక్కువ, పని ఎక్కువ. ఒకరోజు పొయ్యి దగ్గర ఉన్న నన్ను పిలిచి చెయ్యి చాచింది.

"సుబ్బులూ, నీ గుండ్లదండ ఇట్ల ఇయ్యి."

అది మా అమ్మ మెడలోంచి తీసి నా మెడలో వేసిన దండ. బంగారు గుండ్లు, మధ్య రెండు పగడాలు. మా అమ్మది అంటూ నాకు మిగిలింది అదొక్కటే.

"ఎందుకత్తా?"

"కామాక్షి పెట్టెలో పెట్టిస్తా. దొంగలు ఎక్కువైనారంట గదా."

"మనింట్లో లేదా పెట్టె?"

"మన పెట్టెకు మద్రాసు తాళం ఉందా?"

తీసి ఇచ్చాను. మా అత్త తన చేతి మురుగులు కూడా జోడించి ఇచ్చింది. అది చూసి పుల్లమ్మ వదిన ఇచ్చింది, ఆ మూలింటివాళ్ళు ఇచ్చారు. నా శ్రోతలు పోయారు, అడ్డగడ పెట్టించమన్న నా మాట ఆవిడ మాటైపోయింది, చివరికి మా అమ్మ దండ కూడా ఆవిడ ఇంటికే పోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. తినలేదని ఎవరూ అడగలేదు కూడా, అందరూ ఎదురింటి అరుగు మీద ఉన్నారు.

మరునాటి నుంచి నేనూ అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. కథల కోసం కాదు. నా దండ మీద నాకు కాపలా ఉండాలి కదా! పొద్దున్నే పని తెముల్చుకుని, బియ్యం చేటతోనో, కుట్టాల్సిన రవికతోనో పోయి, వసారాలో ఆ పెట్టె కనబడే చోట కూర్చునేదాన్ని. అందరికన్నా ముందు వచ్చి, అందరి వెనక లేచేదాన్ని నేనే. ఆవిడకు నా మీద ఎంత ప్రేమో! "వచ్చినావా సుబ్బులూ, రా, రా" అని చాప వేసేది. దొంగచూపులు చూస్తున్నదాన్ని పట్టుకుని ఇంత ఆప్యాయత ఏమిటని నాకు మరీ మండేది. చూస్తూ చూస్తూనే ఆవిడ మాట ఎక్కడ ఎత్తుతుందో, ఎక్కడ దించుతుందో నాకు పట్టుబడింది. కొత్తగా వచ్చిన మనిషిని ముందు దేని గురించి అడుగుతుందో, మాట్లాడని మనిషి చేత ఎలా మాట్లాడిస్తుందో చూశాను. కుళ్ళుకునే మనిషి కంటికి ఒక్కటీ తప్పిపోదు.

ఒకనాడు మేమిద్దరమే ఉన్నప్పుడు దువ్వెనలమ్మే మనిషి గడపలోకి వచ్చాడు. ఎవరో కొత్తవాడు, చంద్రశేఖరపురం వైపు యాస. నేను చేట పక్కన పెట్టి పెట్టెకు అడ్డంగా జరిగాను. కామాక్షమ్మ మాత్రం, "ఎండన పడి వచ్చినావు, కూర్చో నాయనా. ఏ ఊరు మీది? అమ్మ ఉందా?" అని అడిగి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి, రెండు దువ్వెనలు అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఏం ధైర్యం ఈవిడది, ఇది కూడా నాకు లేకపోయెనే అనుకున్నాను. అతను వెళ్ళాక చెంబు తీసుకుంటుంటే చూశాను, ఆవిడ చెయ్యి వణుకుతోంది. చెంబులో అడుగున మిగిలిన మజ్జిగ కూడా కదులుతోంది. నేను చూశానని తెలిసి కొంగులో చెయ్యి దాచుకుంది.

బాంబుల భయం తగ్గాక భర్త కబురు పెట్టాడు. ఆవిడ ప్రయాణం కట్టింది. ఎవరి నగలు వాళ్ళకు ఇచ్చేసింది. నా దండ నా మెడలో ఆవిడే వేసింది. ఒక్క గుండు అయినా తక్కువ ఉంటుందేమోనని తడుముకుని చూశాను, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే కాస్త నిరాశపడ్డాను.

అప్పుడు నన్ను వసారాలో ఆపి, "నీకొక్కదానికే ఒక మాట చెప్తా సుబ్బులూ" అంది. పెట్టె తాళాన్ని పట్టుకుని ఊరికే కిందికి గుంజింది. తాళంచెవి లేకుండానే అది ఊడి వచ్చింది.

"ఇది పడదు. మద్రాసులో మా ఇంట్లో దొంగలు పడి విరగ్గొట్టింది ఇదే. నేను పక్క గదిలోనే ఉన్నా. అంతా వింటానే ఉన్నా. అరవడానికి గొంతు రాలేదు. ఆ రోజు నుంచి ఒంటరిగా ఒక గదిలో కూర్చోలేను సుబ్బులూ. ఈడికి వచ్చినాక కథలు చెప్పకపోతే నా అరుగు మీదికి ఎవరొస్తారు?"

"మరి ఆ బరువు?"

ఆవిడ నవ్వి మూత ఎత్తింది. రెండు చీరలు, వాటి అడుగున రుబ్బురోటి పొత్రం. "వాళ్ళు వదిలిపోయింది ఇదొక్కటే" అంది. ఆ తాళం నా చేతిలో పెట్టి బండెక్కింది.

ఆ రోజు నాకు పట్టరాని సంతోషం. వీధిలో ఇంతమంది ఉండగా నాకొక్కదానికే చెప్పింది! పుల్లమ్మ వదినను చూస్తే జాలేసింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు మళ్ళీ మా అరుగు మీదికి వచ్చారు. నేను పేపరు విప్పలేదు. మద్రాసులో విస్తరి ఎత్తినవాడి కథే మొదలుపెట్టి, వెండి చెంబు దగ్గర ఆపి, ఆకుకు సున్నం రాసుకున్నాను. ఒక్కరూ కదల్లేదు.

ఆ గర్వం చాలా ఏళ్ళు మోశాను. మా అత్త బాగా పెద్దదైపోయాక, ఒకసారి కందికాయలు ఒలుస్తూ ఏదో మాటల్లో, "నీకు తెలియదులే అత్తా, ఆ పెట్టెకు తాళమే పడదు" అన్నాను, ఎంతో గుట్టు విప్పుతున్నట్లు.

మా అత్త కాయ మీదనుంచి తల ఎత్తలేదు. "నాకు ఆమె వచ్చిన మర్నాడే తెలుసు. నాతోనే చెప్పుకొని ఏడ్చింది. పుల్లమ్మకూ తెలుసు. నగలిచ్చిన అందరికీ తెలుసు."

"తెలిసీ మా అమ్మ దండ దాంట్లో పెట్టినావా?"

"మన వీధిలో దొంగ యాడుండాడు? భయపడేది ఆమె. తోడు కూర్చుంటామంటే ఒప్పుకునే మనిషి గాదు, అభిమానం జాస్తి. మా నగలు దాచిపెట్టమంటే కాదంటదా? నగలుంటే మేం పోయి కూర్చునేదానికి ఒక సాకు ఉంటది. మేమైనా పూటకొకరం పోతిమి గాని, దినమంతా ఉండే తోడు కావాల్సి వచ్చింది. అందుకే నీ దండ ఇచ్చినా."

"నాకెందుకు చెప్పలేదు మరి?" అన్నాను.

"చెప్తే నువ్వు పొయ్యేదానివా?" అంది మా అత్త.

అందరికీ తెలుసు, నాకు తప్ప. అన్నేళ్ళు దాచుకున్న నా ఒక్క గొప్పా ఆ కందికాయల పొట్టులో పోయింది. కామాక్షమ్మ మీద అప్పటిదాకా ఉన్న అసూయకు తోడు, ఆ పూట నుంచి మా అత్త మీద కూడా మొదలైంది. ఒకరి భయాన్ని అంత నిశ్శబ్దంగా మోసిన మనిషి పక్కనే ఉండి, ఆవిడను నేను కట్టె పొయ్యి ముందు తప్ప ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు మా పక్క ఫ్లాటులో ఒక చిన్నపిల్ల ఉంది. కొత్త కాపురం, మొగుడికి ఊళ్ళు తిరిగే ఉద్యోగం. లిఫ్టులో దొంగల కబుర్లు విని విని, పాలవాడు బెల్లు కొట్టినా తలుపు తీయడం లేదు. నేను ఎప్పుడు పిలిచినా, "పరవాలేదు మామ్మగారూ, నాకేం భయం లేదు" అంటుంది. పాల పాకెట్టు అందుకునేటప్పుడు చూశాను, ఆ పిల్ల వేళ్ళు వణుకుతున్నాయి. మరునాడు పొద్దున్నే గుండ్లదండ కొంగున కట్టుకుని వెళ్ళాను. "మా ఇంట్లో వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఎక్కువమ్మా, నాకు దిగులుగా ఉంది. ఇది నీ బీరువాలో పెట్టిపెట్టు" అన్నాను. కాదనలేకపోయింది.

మా కోడలికి ఈ సంగతి తెలిసి మూతి ముడుచుకుంది. "ఇంట్లో నేను లేనా అత్తయ్యా? ఎవరో పరాయి పిల్ల దగ్గర పెట్టారా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం చిక్కుడుకాయల బుట్ట తీసుకుని పక్క ఫ్లాటుకు వెళ్ళింది. అప్పటినుంచి రోజూ వెళుతోంది. బీరువా కనబడే చోట కూర్చుని, ఒక కన్ను దాని మీదే పెట్టి, కాయలు వలుస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు నవ్వుతూ మాట్లాడుతోంది. తలుపు సాయంత్రం దాకా తెరిచే ఉంటోంది. వాళ్ళిద్దరి నవ్వులూ నా కుర్చీ దాకా వినబడుతుంటే నాకు లోపల కొంచెం మండుతుంది కూడా.

అయినా మా కోడలికి నేనేమీ చెప్పలేదు. చెప్తే వెళ్ళడం మానేస్తుంది.