పేరు చీటీ లేని గ్రైండర్

కాదు, ఉచితంగా పెట్టినా ఎవరూ తీసుకోకపోవడానికి జనానికి వస్తువు విలువ తెలియకపోవడం కారణం కానే కాదు. ఆ మాట ఆఫీసు మీటింగులో వినపడ్డప్పుడే నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. మొన్న మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో మళ్లీ అదే మాట పెట్టారు. బొటనవేలితో నాలుగు ముక్కలు కొట్టి పంపితే తీరే కోపం కాదు కాబట్టి, ఈసారి మొదటి నుంచీ రాస్తున్నాను.

రెండేళ్ల కింద ఎండాకాలం మొదట్లో నన్ను బళ్లారి ఆఫీసు నుంచి కాలువ కింది ఊళ్లకు వేశారు. స్వచ్ఛంద సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం, హోదా ఫీల్డ్ కోఆర్డినేటర్. నా పైన ప్రోగ్రామ్ మేనేజర్, ఆయన పైన డబ్బులిచ్చే కంపెనీ. నా కింద ఒక వ్యాను, ఆ వ్యానులో రోజుకూలి మీద వచ్చే ఎలక్ట్రీషియన్ ఖాజా అన్న. నేను బెంగుళూరులో పెరిగినదాన్ని. వరినారుకూ గడ్డికీ తేడా తెలియని రోజులవి. కాంట్రాక్టు ముగిసి ఆ పని నుంచి దిగిపోయి ఇప్పటికి ఏడాది కావస్తోంది.

మా పని రిపేరు సంతలు పెట్టడం. ఇళ్లలో మూలపడ్డ సామాన్లను జనం ఒకచోటికి తెస్తారు. వచ్చినవాటిని మూడు కుప్పలుగా విడదీస్తాం: అలాగే వాడుకోదగినవి, బాగుచేస్తే పనికొచ్చేవి, ఇక ఎందుకూ పనికిరానివి. మధ్య కుప్పలోని కరెంటు వస్తువులన్నిటినీ ఖాజా అన్న సీరీస్ బల్బుతో పరీక్షిస్తాడు. అంటే వస్తువుకు నేరుగా కరెంటు ఇవ్వకుండా మధ్యలో ఒక బల్బు గుండా ఇస్తాడు. లోపల షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు మాత్రం పోదు. మధ్యాహ్నానికి బాగైనవన్నీ బల్లల మీద పెడతాం. కావలసినవాళ్లు ఉచితంగా తీసుకుపోవచ్చు. సాయంత్రానికి మిగిలినవి, మూడో కుప్పతో పాటు, గుజరీకి, అంటే పాతసామాను అంగడికి పోతాయి.

దీనికి కంపెనీ పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి వస్తువుకూ ఇచ్చినవాళ్ల పేరు రాసిన చీటీ కట్టాలి. తీసుకునేటప్పుడు ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఆ వస్తువు మీద చెరో చేయి వేసి నిలబడితే నేను ఫోన్లో ఫొటో తీసి, చీకటి పడేలోపు అప్‌లోడ్ చేయాలి. ఫొటో లేని వస్తువు లెక్కలోకి రాదు.

మొదటి సంత బళ్లారి జిల్లాలోనే ఉన్న ఎమ్మిగనూరుకు దగ్గర్లోని ఒక క్యాంపులో పెట్టాం. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతుల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. దానికి ఆనుకొని, ఆ పొలాల్లోనే కూలికి పోయే కుటుంబాల కాలనీ ఉంది. వాళ్లదీ తెలుగే, తరాల నుంచి అక్కడివాళ్లే. క్యాంపు ఇళ్ల నుంచి సామాను బాగా వచ్చింది. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, కుక్కర్లు, పిల్లలు వదిలేసిన సైకిళ్లు. సత్యవతి గారని ఒక పెద్ద రైతు భార్య, పాతకాలపు నిలువు గ్రైండర్‌ను ఇద్దరు మనుషుల చేత మోయించి తెచ్చారు. బెల్టు తెగింది, స్విచ్చి కాలింది. ఖాజా అన్న రెండూ మార్చి తిప్పి చూపించాడు.

కాలనీవాళ్లు వచ్చారు. బల్లల మధ్య తిరిగారు, చూశారు, వెళ్లిపోయారు. ఒక్కరూ ఏదీ తీసుకోలేదు. హనుమక్క అనే ఆమె మాత్రం గ్రైండర్ దగ్గర చాలాసేపు నిలబడింది. రాయిని చేత్తో తిప్పింది, ఆగాక మళ్లీ తిప్పింది. ఆ తర్వాత చీటీ మీది పేరు పక్కనున్న పిల్లతో చదివించుకొని కొంగు దులుపుకొని వెళ్లిపోయింది. సాయంత్రం, కొద్ది గంటల ముందు బాగుచేసిన సామానునే సుత్తితో పగలగొట్టి గుజరీ బండికి ఎక్కిస్తుంటే నాకు ఒళ్లు మండింది. గ్రైండర్‌ను మాత్రం ఎక్కించనివ్వలేదు. బండివాడితో అరిచి, దాన్ని మా వ్యానులో పెట్టించాను. ఖాజా అన్న తాడు కడుతూ, "మీ కోపాన్ని దీనికి బిగిస్తే మోటరు లేకున్నా తిరుగుతాది మేడం" అన్నాడు.

ఆ వారం మీటింగులోనే మేనేజర్ గారు విలువ తెలియని జనం అన్నారు. అడిగి కనుక్కోకుండా అలా అనడానికి వీల్లేదని చెప్పి, మర్నాడు నేనే కాలనీకి వెళ్లాను.

హనుమక్క నాట్ల గుంపుకు పెద్ద. కాలువకు నీళ్లు వదలగానే ఆడవాళ్లు గుంపులుగా చేరి, ఎకరాకు ఇంత అని గుత్తకు ఒప్పుకొని నాట్లు వేస్తారు. రైతుతో గట్టు మీద నిలబడి ఆ బేరం మాట్లాడేది గుంపు పెద్ద. ఆమె ఎంతకు ఒప్పుకుంటే గుంపంతటికీ అదే కూలి. పొలం పనుల్లేని నెలల్లో హనుమక్క రోడ్డు పక్కన ఇడ్లీలు అమ్ముతుంది. పిండి రుబ్బురోట్లోనే. కుడి భుజం పైకి లేవడం లేదని, రోజూ కాస్త పిండితోనే సరిపెట్టుకుంటున్నానని చెప్పింది. మరి గ్రైండర్ ఎందుకు వద్దన్నావని అడిగాను. నా గొంతు కొంచెం పెద్దదే.

"అరస్తావేంది పాపా, కూచో" అంది. "నాకేం కండ్లు లేవా? రాయి బాగుండాది, నున్నగా తిరుగుతాండాది. అయితే అది సత్యవతమ్మోళ్లది."

ఆ ఇంటివాళ్లే కొన్నేళ్ల కింద ఆమెకు ఒక ఫ్యాను ఇచ్చారట. ఆ ఏడు నాట్లప్పుడు రేటు పెంచమని హనుమక్క అడిగితే, సత్యవతి గారి భర్త గట్టు మీద గుంపందరి ముందూ, మా ఫ్యాను కింద పడుకుంటూ మాతోనే బేరమా అన్నాడు.

"నవ్వుతా అన్న్యాడు. కోపంతో అనింటే నేనూ ఒక మాట అందును. నవ్వుతా అంటే ఏం చెప్పల్ల? నోరు రాల్యా. పాత రేటుకే ఒప్పుకొని వచ్చినా. అది నా ఒక్కదాని నోరు కాదు పాపా, గుంపుది."

ఆ నాట్లు ముగిసిన మర్నాడే ఫ్యాను నెత్తిన పెట్టుకొని పోయి వాళ్ల వరండాలో పెట్టి వచ్చిందట. అప్పటి నుంచి కాలనీలో ఎవరూ క్యాంపు ఇళ్ల సామాను ముట్టరు. పైగా ఇప్పుడు మేం పేరు కట్టి, ఫొటో కూడా తీస్తామంటున్నాం.

చీటీ తెంపి, ఫొటో లేకుండా, ఎవరికీ తెలియకుండా ఇంటికి చేరుస్తానన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది. "ఆ రాయికి ఒకపక్క పెచ్చు లేచిండాది. ఆయమ్మ ఇంట్లో పదేండ్లు రుబ్బినదాన్ని, నాకే గుర్తుండాది, ఆయమ్మకు ఉండదా? ఇచ్చినోళ్లు యాడుండారో నాకు తెలీకూడదు, నేను యాడుండానో వాళ్లకు తెలీకూడదు. అట్లాంటిది ఉంటే చెప్పు."

తిరుగు బస్సులో ఫోన్ తీసి మా సంతల పటం చూశాను. ఆ సంగతి మేం ఎప్పుడూ ఆలోచించలేదు. ఏ ఊరి సామాను ఆ ఊళ్లోనే పంచుతున్నాం. అందరూ అందర్నీ ఎరిగిన చోట పేరు రాయకపోయినా వస్తువు తన యజమానిని చెబుతూనే ఉంటుంది. ఒక ఊరి సామాను ఇంకో ఊరికి మార్చితే యజమానితో దాని తాడు తెగుతుంది. వ్యాను ఉండనే ఉంది.

మేనేజర్ గారితో గొడవ రెండు పూటలు నడిచింది. పేరు లేకపోతే ఇచ్చేవాళ్లు ఇవ్వరన్నారు. ఫొటో లేకపోతే కంపెనీ ఊరుకోదన్నారు. బాగుచేయకముందు ఒకటి, చేశాక ఒకటి వస్తువుకే ఫొటో తీస్తాను, మనుషుల మొహాలు కంపెనీకి ఎందుకని అడిగాను. గొంతు తగ్గించమన్నారు, తగ్గించలేదు. చివరికి ఒక్క విడత సంతలకు ఒప్పుకున్నారు. సామాను కదలకపోతే నా కాంట్రాక్టు పొడిగించే మాట మర్చిపోవాలని కూడా చెప్పారు.

సత్యవతి గారి గ్రైండర్‌ను తెక్కలకోట సంతకు పంపాం. అక్కడ మధ్యాహ్నంలోపే ఎవరో తీసుకుపోయారు. మిగిలింది హనుమక్కకు ఇంకో గ్రైండర్ దొరకడం. కుడతినిలో కరెంటు ఉత్పత్తి కేంద్రం ఉంది కాబట్టి, అద్దె ఇళ్లలో ఉండే ఉద్యోగులు వస్తుంటారు, బదిలీ మీద పోతుంటారు, మోయలేనిది వదిలేస్తుంటారు. అక్కడ సంత పెట్టాను. కూలర్లు వచ్చాయి, మంచాలు వచ్చాయి, గ్రైండర్ రాలేదు. బల్లలు మడిచేస్తుంటే ఒకాయన ఆటోలో తెచ్చాడు. రాత్రికి లారీ ఎక్కి వేరే రాష్ట్రం పోతున్నామన్నాడు. గ్రైండర్ మోటరు బిగుసుకుపోయింది. ఖాజా అన్న విప్పి చూసి, "బుష్ పోయిండాది, తుప్పు పట్టిండాది, గుజరీకి ఇచ్చేద్దాం" అన్నాడు. నేను వినలేదు. బళ్లారిలో మూడు అంగళ్లు తిరిగి, మోటరు ఇరుసు చుట్టూ ఉండే ఆ చిన్న బుష్ తెచ్చాను. ఆయన సణుక్కుంటూనే బిగించాడు. తిరిగింది. మొదట్లో మూలిగింది కానీ తిరిగింది.

నాట్లకు ముందే క్యాంపులో రెండో సంత పెట్టాం. చీటీలు లేవు. బల్లల మీద సామానంతా బయటి ఊళ్లది. ఈ ఊరివాళ్లు తెచ్చినది నేరుగా వ్యానులోకి ఎక్కిస్తున్నాం. కాలనీవాళ్లు ఈసారి ఉత్త చేతులతో రాలేదు. ఆగిపోయిన గడియారం, ఊచలు వంగిన గొడుగు, అడుగు పోయిన బిందె తెచ్చారు. హనుమక్క గ్రైండర్ దగ్గరికి వచ్చి, రాయి చుట్టూ చేత్తో తడిమింది. పెచ్చు లేదు. ఎవరిదని అడిగింది. తెలియదన్నాను. ఇచ్చినాయన పేరు నిజంగానే అడగలేదు. ఆమె తన మనుషుల్ని పిలిచి ఎత్తించుకుపోయింది. నా ఫోన్ జేబులోనే ఉంది.

సత్యవతి గారు అదే పూట నన్ను నిలదీశారు. "మా గ్రైండరు ఏమైందమ్మా? మా అత్తగారు కొన్నదది. ఎక్కడుందో కూడా చెప్పకూడదా?" చెప్పడానికి లేదన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. దానికి నేను బాధపడలేదని రాస్తే అబద్ధం. "పోనీ, తిరుగుతోందా? అదైనా చెప్పండి" అన్నారు. తిరుగుతోందని చెప్పాను. కాసేపటికి ఆమె బల్లల వైపు వెళ్లి, ఒక ఇత్తడి జంతికల గొట్టం ఎత్తి చూసి, అటూ ఇటూ చూసి, సంచిలో వేసుకున్నారు. మొదటి సంతలో క్యాంపువాళ్లు కూడా ఏదీ తీసుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటి పేరున్న వస్తువును వాళ్లు మాత్రం అందరి ముందూ ఎలా తీసుకుంటారు? ఆ జంతికల గొట్టం ఏ ఊరి కాలనీ నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇప్పటికీ చెప్పను.

ఆ సాయంత్రం గుజరీ బండి సగం ఖాళీగా పోయింది. మేనేజర్ గారు నన్ను మెచ్చుకోలేదు. వచ్చే నెల మార్గదర్శకాల్లో ఆ పద్ధతిని తన పేరు మీదే చేర్చారు. కాంట్రాక్టు మాత్రం పొడిగించారు.

నాట్లు మొదలయ్యాక హనుమక్క వాయిస్ మెసేజ్ పంపింది. వెనకాల గ్రైండర్ చప్పుడు. "పాపా, గట్టు మీద అడిగినా. పెంచల్ల అన్న్యా. ఆయప్ప లెక్కలు చెప్పినాడు, నేనూ చెప్పినా. అడిగినంత రాల్యా, అయితే పెరిగింది. వేరే మాట ఏదీ రాల్యా." అంతే. దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది. పాత వస్తువును బాగుచేయడం మోటరుతో ముగియదు. అది ఎవరిదో మర్చిపోయేంత దూరం దాన్ని మోసుకుపోవడం కూడా రిపేరులో భాగమే. ఆ ఖర్చు వ్యాను డీజిలు కింద రాయాలి, దాతృత్వం కింద కాదు. పేరు రాయకపోతే ఎవరూ ఇవ్వరని మా గ్రూపులో ఇంకా వాదిస్తున్నారు. మీరూ అదే అంటారా? అయితే చెప్పండి: మీ అటక మీది మిక్సీ ఎవరి వంటింట్లో తిరుగుతోందో మీకు ఎప్పటికీ తెలియకపోతే, మీరు పోగొట్టుకునేది మిక్సీనా, లేక ఎప్పుడో ఒకరోజు నవ్వుతూ అనడానికి దాచుకున్న ఒక మాటనా?