పిన్నిగారి పసుపు డబ్బా

పిన్నిగారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలు పోసే మంగమ్మ.

ముదినేపల్లిలో మా వీధి ఆడవాళ్లలో ఎవరికి మూత్రంలో మంటన్నా, పిన్నిగారు తన పాత పసుపు డబ్బా మూత తీసేవారు. డాక్టరు తనకి రాసిస్తే, మంట తగ్గగానే మధ్యలో ఆపేసిన యాంటీబయోటిక్ మాత్రలు అందులో ఉండేవి.

"రెండు వేసుకో అమ్మడూ. తగ్గాక ఆపేసెయ్, మిగతావి ఎవరికైనా పనికొస్తాయి" అనేవారు. నాకూ ఇచ్చారు. కళ్ళకద్దుకుని తీసుకున్నాను.

మొన్న అదే జబ్బు ముదిరి పిన్నిగారిని ఏలూరు ఆసుపత్రిలో చేర్చితే, రిపోర్టు చూసి, "మందులు ఇలా అరకొరగా వాడడం వల్లే క్రిములు మొండికేశాయండీ. ఈవిడకి ఏ మందూ పనిచేయడం లేదు" అన్నారు డాక్టరుగారు.

పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, "నేనిచ్చినవాటితో నీకేం కాలేదు కదా?" అని అడిగారు.

"లేదు పిన్నిగారూ" అన్నాను. దేవుడి దయవల్ల ఇప్పటిదాకా అది నిజమే.

మీ ఇంట్లో మాత్రలు మిగిలి, ఎవరికైనా ఇద్దామనిపించినప్పుడు మా పిన్నిగారిని ఒక్కసారి తలుచుకోండి.