తిరగని ఫ్యాను

మా బావ ఫ్రిజ్‌ల మెకానిక్. యంత్రం ఏదైనా సరే, ముందు చెవి ఆనించి వింటాడు. చప్పుడు వస్తే బతికున్నట్టు, రాకపోతే పోయినట్టు. ఆయనకు తెలిసిన వైద్యం అంతే. అలాంటి మనిషి చేతికి అక్క కంప్యూటర్ చిక్కేసరికి నాకు ఒళ్లు మండింది.

అక్క ఇంట్లో కూర్చుని వంటగదులకు డిజైన్లు గీస్తుంది. వడ్రంగులు వాటిని పట్టుకెళ్లి, తామే గీసినట్టు చూపించుకుంటారు. ఇన్నేళ్లలో ఒక్కడూ ఆవిడ పేరు చెప్పిన పాపాన పోలేదు. ఎట్టకేలకు ఒక ఫర్నిచర్ కంపెనీ నేరుగా అక్కకే ఒక పని ఇచ్చి చూస్తానంది. వంటగదిలో మనమే నడుస్తున్నట్టు కనిపించే వీడియో సాయంత్రంలోగా పంపాలి. నచ్చితే ఇకమీదట అక్క పేరుతోనే పని. కానీ అక్కది పాత చవక కంప్యూటర్. వీడియో సగానికి రాగానే బిగుసుకుపోతోంది. అందుకే బావ ఎవరి దగ్గరో ఒక పాత గ్రాఫిక్స్ కార్డు కొని తెచ్చాడు, అది ఉంటే బొమ్మల పని ఆగకుండా సాగుతుందట.

కంప్యూటర్ పెట్టె విప్పి, దుమ్ము ఊది, కార్డు బిగించి స్విచ్ వేశాడు. కార్డు మీది ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరిగి ఆగిపోయింది. తెర నల్లగా ఉండిపోయింది.

బావ పెట్టెకు చెవి ఆనించాడు. "మోటారు పోయింది. నన్ను నిలువునా ముంచాడు, ఇది అమ్మినవాడు!"

"బావా, ఇది ఫ్రిజ్ కాదు!" అన్నాను.

"ఫ్యాను తిరగకపోతే ఏదైనా ఒకటే, మరదలా. తీసి వాడి మొహాన కొట్టొస్తా." కరెంటు ఉండగానే కార్డు మీద చెయ్యి వేశాడు.

అక్క ఆ చేతి మీద ఫెడీమని ఒక్కటిచ్చింది. "ముట్టుకున్నారంటే ఊరుకోను! ఉన్నది కూడా తగలబెడతారా?"

అక్క అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇది పోతే ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేదు.

అక్క కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. దాని చిన్న దీపం వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది.

"ఇది పని చేస్తూనే ఉంది. బొమ్మే మన దాకా రావట్లేదు" అని గొణుక్కుంటూ బల్ల కిందకు దూరింది. తెర వైరు ఇంకా పాత చోటనే ఉంది. కొత్త కార్డు పెట్టాక వైరు కూడా కార్డుకే మార్చాలన్న సంగతి మా ముగ్గురికీ తట్టలేదు. మార్చగానే తెర వెలిగింది.

"మరి ఫ్యాను?" అన్నాడు బావ, ఇంకా నమ్మకం కుదరక.

కార్డుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అక్క వీడియో మొదలుపెట్టింది. కాసేపటికి కార్డు వేడెక్కింది. ఫ్యాను దానంతటదే తిరగడం మొదలెట్టింది. "ఓహో, దీనికి వేడి పుడితేగానీ పని గుర్తురాదన్నమాట!" అన్నాడు బావ. మేం నవ్వలేదు. ప్రతిసారీ ఆగిపోయే చోటికి వస్తోంది వీడియో. అక్క కళ్లు మూసుకుంది. నేనే చూసి చెప్పాల్సి వచ్చింది, దాటిందని.

గడువు ముంచుకొస్తుండగా వీడియో పూర్తయింది, అక్క పంపేసింది. ఎంతోసేపు కాకుండానే ఫోన్ మోగింది. కంపెనీ నుంచే. అక్కకు ఎత్తే ధైర్యం లేదు. బావే ఎత్తి, హలో అని స్పీకర్ పెట్టాడు.

"సార్, మీ డిజైన్ చూశాం. చాలా బాగుంది. మీరే గీశారా సార్?"

అక్క మొహం పాలిపోయింది. ఇంతకాలం జరిగిందే మళ్లీ జరుగుతోంది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "నేను సార్‌ని కాదండీ, ఆ సార్‌కి మొగుణ్ణి. ఇస్తున్నా, మాట్లాడండి."

అక్క రెండు చేతులతో ఫోన్ అందుకుంది. "చెప్పండి. గీసింది నేనే."