ఎవరూ రుచి చూడరనుకున్న పుడ్డింగ్

ఒక్క గిన్నెడు పుడ్డింగ్ నా చదువును ఏ దారి పట్టించిందో చెబుతాను. అన్నం తింటూ చదువుతున్నవాళ్ళు ముందు చెయ్యి కడుక్కుని వస్తే మంచిది. ఆ తర్వాత నన్ను అనవద్దు.

రెండు వేల ఆరులో షార్జాలోని ఒక క్రైస్తవ పాఠశాలలో ఏడో తరగతిలో చేరాను. నరసాపురం నుంచి వచ్చిన మా అమ్మ అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆ స్కూల్లో లెక్కలు, సైన్సు, అరబిక్, బైబిల్ పాఠాలతో పాటు చేతిపని కోర్సు ఒకటి తప్పనిసరి. కరెంటు పని, కుట్టుపని, వంట అని మూడు ఉండేవి. నేను చేరేసరికి కరెంటు పని నిండిపోయింది. సూదిలో దారం ఎక్కించబోతే సూదే ముందు నా వేల్లోకి దూరేది కాబట్టి వంటలో చేరాను.

నాకు వంట మీద మోజు లేదు. నా చూపంతా ఎనిమిదో తరగతిలోని కంప్యూటర్ కోర్సు మీద. సీట్లు తక్కువ. ఏడులో అన్నింట్లోనూ ఎ గ్రేడ్ వచ్చినవాళ్ళ పేర్లలోంచి ప్రిన్సిపాల్ సిస్టర్ ఎంపిక చేసేది. అంటే నాకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక గరిటె అడ్డంగా నిలబడి ఉంది.

అర్ధ సంవత్సర పరీక్షలు రంజాన్ నెలలో పడ్డాయి. వంట ప్రాక్టికల్‌కు పొయ్యి లేకుండా చేసే తీపి వంటకం ఇంట్లో చేసి తేవాలి. ఇక్కడ నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. దాని పని తీరు మీకు తెలియాలి కాబట్టి వివరంగా చెబుతాను. ఒకటి, వంట నేర్పే షహనాజ్ టీచర్ ఉపవాసం ఉంటుంది. రెండు, ఉపవాసం ఉన్నవాళ్ళు రుచి చూడరు. మూడు, కాబట్టి రంగుకు, రూపానికి, గట్టిగా నిలబడినందుకే మార్కులు. నాలుగు, రుచి అనవసరం.

ఈ సిద్ధాంతాన్ని నా పక్కన కూర్చునే ఇంతియాజ్‌కు చెప్పాను. వాళ్ళది కడప. వాళ్ళ నాన్న మస్తాన్ మామ మా స్కూలు బస్సు నడిపేవాడు.

"రేయ్ ప్రవీణూ, తిండిని తిండి మాదిరి చెయ్యి రా," అన్నాడు ఇంతియాజ్.

"తినేవాళ్ళు లేనప్పుడు అది తిండెలా అవుతుంది? మోడల్ అవుతుంది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది పో."

వాడి మాట పక్కన పెట్టి మోడల్ కట్టాను. పునాదికి నీళ్ళలో కలిపిన పచ్చి మైదా ముద్ద. పసుపు రంగు వరుసకు మామిడిపండు గుజ్జు జారిపోతుందని పసుపే కలిపాను. ఎర్ర వరుసకు కారప్పొడి. పైన పంచదార చల్లితే తడికి కరిగిపోతుంది, అందుకని కల్లుప్పు. దీపం కింద అది మంచు కురిసినట్టు మెరిసింది. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ వంగి చూసింది.

"ఏంట్రా ఇది? విరిగిన కాళ్ళకి కట్లేసేటప్పుడు మేం ఇలాంటిదే కలుపుతాం. తినడానికేనా?"

"చూడ్డానికమ్మా."

"అయితే పర్లేదులే," అని పడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆమెను నేను తప్పు పట్టను.

మర్నాడు షహనాజ్ టీచర్ నా గాజు గిన్నె ముందు చాలాసేపు నిలబడింది. ఆమెది హైదరాబాద్.

"అరే వాహ్! ఎంత మంచిగ సెట్ అయింది బేటా! లైన్ కి లైన్! ఎ గ్రేడ్ పక్కా!"

నేను గర్వంగా ఇంతియాజ్ వైపు చూశాను. టీచర్ మాట ఇంకా పూర్తికాలేదు.

"ఇవన్నీ స్టాఫ్‌రూమ్ ఫ్రిజ్‌లో పెట్టండి. మన స్కూల్ల ఏటా సిస్టర్ ఇఫ్తార్ ఇస్తది కదా, డ్రైవర్లకు, ఆయాలకు, అందరికి. ఇయ్యాల సాయంత్రమే. వండినోళ్ళే వచ్చి వడ్డించాలె."

ఆ ఏడే చేరినవాడిని, నాకు ఈ ఇఫ్తార్ విందు సంగతి తెలియదు. నా సిద్ధాంతంలో సూర్యుడు అస్తమించడమనే అంశమే లేదు.

"మేడమ్, నాది సాయంత్రానికి పాడైపోతుంది," అన్నాను.

"ఫ్రిజ్‌ల ఎట్ల పాడైతది?"

"మేడమ్, అది తక్కువ మందికే సరిపోతుంది."

"తలా ఒక చెంచా. బర్కత్ అయితది, అందరికి సరిపోతది, ఫికర్ చెయ్యకు."

బయటికి రాగానే ఇంతియాజ్ నా కాలర్ పట్టుకున్నాడు. "ఏమేసినావురా దాంట్లో?"

చెప్పాను.

"కారమా! రేయ్, మా అబ్బా పొద్దుననంగా నీళ్ళు గూడ తాగకుండా బండి నడుపుతాడు. ఖర్జూరం తర్వాత ఆయన నోట్లో పడేది నీ మోడలా?"

"గిన్నె పగలగొట్టేస్తాను. జారి పడిందంటాను."

"కరెక్టుగా పడెయ్. ఇదన్నా చక్కంగ చెయ్యి."

సాయంత్రం హాల్లో తివాచీల మీద పొడవాటి ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. డ్రైవర్లు, ఆయాలు, టీచర్లు వరుసగా కూర్చున్నారు. నేను ఫ్రిజ్ లోంచి గిన్నె తెస్తూ అందరూ చూసేలా కాలు తడబడి, చేతులు వదిలేశాను. గిన్నె తివాచీ మీద బోర్లా పడింది. పగల్లేదు. ఎత్తి చూస్తే పుడ్డింగ్ ఇసుమంత కూడా కదల్లేదు. మైదా గాజును అంతగా ప్రేమించింది. నేల మీద నాలుగు ఉప్పురాళ్ళు తప్ప ఏమీ లేవు.

"సుభానల్లా!" అంది షహనాజ్ టీచర్. "సెట్టింగ్ అంటే ఇదీ!"

మస్తాన్ మామ నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చాడు. "రా నాయనా, మొదట నాకే పెట్టు. మావాడు చెప్పినాడులే, నీకు ఎ గ్రేడ్ అంట."

పొద్దు గుంకగానే మసీదు నుంచి అజాన్ వినిపించింది. అందరూ ఖర్జూరాలు తిన్నారు, నీళ్ళు తాగారు. మస్తాన్ మామ చెంచా అందుకుని గిన్నె వైపు చెయ్యి చాపాడు. ఎదురుగా ఇంతియాజ్ కళ్ళు మూసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక గిన్నెను గుండెకు హత్తుకుని, చెంచాతో పెళ్ళగించి నేనే తినడం మొదలుపెట్టాను.

మైదా అంగిలికి అతుక్కుంది, కారం చెవుల్లోకి ఎక్కి కళ్ళలోంచి కారింది, ఉప్పు మిగతా పని చూసుకుంది. రోజంతా పస్తున్నవాళ్ళ మధ్య, పొద్దున ఇడ్లీలు తిని మధ్యాహ్నం కోడికూర తిన్న ఒక పిల్లవాడు, ఎవరికీ పెట్టకుండా గిన్నె వాటేసుకుని తింటున్నాడు. ఆ దృశ్యాన్ని మీరు ఊహించుకోండి, నేను గుర్తు చేసుకోలేను.

"పాపం, పిల్లోడు యెంత ఆకలిమీదున్నాడో," అని మస్తాన్ మామ తన సమోసా కూడా నా ముందు పెట్టాడు.

ప్రిన్సిపాల్ సిస్టర్ లేచి నా దగ్గరికి వచ్చింది. కేరళ ఆవిడ, తెలుగు రాదు, ఇంగ్లిషులో మెల్లగా అడిగింది. "ఎందుకు బాబూ ఏడుస్తున్నావు?"

నిజం చెబితే ఎ గ్రేడ్ పోతుంది. కంప్యూటర్ పోతుంది. కారం మింగి అన్నాను, "చాలా బాగుంది సిస్టర్."

సిస్టర్ కళ్ళు కూడా చెమర్చాయి. నా తల నిమిరి వెళ్ళింది. గిన్నె మాత్రం నేను తిరిగి ఎవరికీ ఇవ్వలేదు, ఇంటికి తీసుకుపోయాను. అమ్మ దాన్ని రెండు రోజులు నానబెట్టింది.

ఆ ఏడాది చివర నాకు అన్నింట్లోనూ ఎ గ్రేడ్ వచ్చింది. ఎనిమిదో తరగతి కోర్సుల కేటాయింపు సిస్టర్ స్వయంగా చదివింది. కంప్యూటర్ కోర్సులో ఇంతియాజ్ పేరుంది. నా పేరు దగ్గర ఆగి, నా వైపు ప్రేమగా చూసింది.

"ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నాను. తను వండినదాన్ని తింటూ ఆనందంతో ఏడ్చిన బిడ్డను ఒక్కణ్ణే చూశాను. ఇలాంటివాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం పాపం. ప్రవీణ్, నీకు పై స్థాయి వంట కోర్సు."

"బాధపడొద్దు లేరా," అన్నాడు ఇంతియాజ్ నా చెవిలో. "కంప్యూటర్ ముందర కూచున్నప్పుడల్లా నిన్నే తలుచుకుంటా."

కాబట్టి సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను చేసిన ఏ వస్తువునైనా, అది అలంకారానికే అని ఎవరు హామీ ఇచ్చినా, ముందు నేనే ఒక చెంచా నోట్లో వేసుకుంటాను. అది కూడా, చుట్టుపక్కల సిస్టర్లు ఎవరూ లేరని చూసుకున్నాకే.