ఎర్రగోడల మధ్య ఇరవై నిమిషాలు

మా డ్రైవరన్న పోయాడని సౌదీలోని రాబిగ్ నుంచి అతని రూమ్మేట్ మా తబూక్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున డ్యూటీ బస్సు ఎక్కబోతూ మెట్టు మీదే కూలబడ్డాడట. గుండె అన్నారట డాక్టర్లు. ఫోన్ ఎత్తింది నేనే. పెట్టేశాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, సిగ్గు. అతను బతికుండగా చెప్పాల్సిన నిజమొకటి రెండేళ్లుగా దాచుకున్నాను.

జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచినా, అతను సార్ అనడం మానలేదు. కంపెనీ బండి ఊరు దాటకూడదని రూలు. అయినా నా ఫొటోల పిచ్చి చూసి, శుక్రవారాలు నన్ను కొండల్లోకి తీసుకెళ్లేవాడు. అక్కడ చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకైన లోయలున్నాయి. పైన ఆకాశం తెల్లగా మండుతుంది, అడుగున చీకటి. కన్ను రెండింటికీ సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. పదకొండింటికి ఎండ ఒక గోడమీద పడి, ఎదుటి గోడను నిప్పుకణికలా వెలిగిస్తుంది. అదీ ఇరవై నిమిషాలే. ఆ వేళ కోసం అన్న అరచెయ్యి చాచి చూస్తుండేవాడు. చెయ్యి ఎర్రబడగానే నన్ను పిలిచేవాడు. ఇసుకమీద అడుగులు పడకుండా చెప్పులు విప్పి, గోడవారనే నడిచేవాడు.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం మబ్బు అడ్డొచ్చి వెలుగు రాలేదు. నేను కదల్లేదు. బయట బండి దగ్గరున్న అన్న చెప్పులతోనే పరుగెత్తుకొచ్చాడు. ఇసుకంతా పాడుచేశావని కసిరాను.

“ఆ గుట్టల మీద మొగులైంది సార్. ఈడ వాన లేకున్నా నీళ్లొస్తయి. పోదాం.”

ఇంకో పది నిమిషాలన్నాను.

“వెలుగు రేపు గూడ వస్తది సార్,” అన్నాడు మెల్లగా.

సరిగ్గా అప్పుడే ఎండ పడింది. గోడ వెలిగింది. మూడు ఫొటోలు తీశాను. నాలుగోది తియ్యనివ్వకుండా చెయ్యిపట్టి లాక్కెళ్లాడు. మేం బయటపడి రాతిగట్టు ఎక్కేసరికి బురదనీళ్లు వచ్చేశాయి. బండిని దొర్లించుకుపోయి బండరాళ్లకు కొట్టాయి.

మర్నాడు ఇన్‌చార్జి మా ఇద్దరినీ నిలబెట్టి, అటు ఎవరు పొమ్మన్నారని అడిగాడు. అన్న ఒక్కసారి నా వంక చూశాడు. నేను బల్లవైపు చూశాను.

“గల్తీ మేరా హై సాబ్,” అని తప్పు తనమీదే వేసుకున్నాడు.

డ్రైవింగు తీసేసి రాబిగ్ సైటుకు హెల్పరుగా పంపారు. ఆ వయసులో పైపులు మోసే పని. నేను ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆఫీసులో నిజం చెప్పేస్తాను అన్నా’ అనేవాణ్ని. ఇప్పుడెందుకు, మీ నౌకరీకి కష్టమైతది అనేవాడు. ఆ మాటతో నాకు ప్రాణం కుదుటపడేది. అసలు ఆ మాట అనిపించుకోవడానికే ఫోన్ చేసేవాణ్నేమో. ఆ రోజు తీసిన ఫొటో పెద్దది చేయించి మా ఆఫీసులో పెట్టారు. ఎంత ఓపికగా తీశారో అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాను.

కబురు తెలిసిన మర్నాడు నిజం ఆఫీసుకు రాసిచ్చి, రాబిగ్ వెళ్లాను. గదిలో రూమ్మేట్, అన్న బట్టలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. నా పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

“మీరేనా సార్? ‘నా సోకుకు సార్‌ని వరదల పడేస్తుంటి’ అని అన్న ఎప్పుడూ బాధపడేటోడు.”

ఇక్కడ, తన సొంత మనుషుల దగ్గర కూడా, అన్న నా తప్పు తనమీదే వేసుకున్నాడు. మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన లేచి, అన్న కప్పుకునే దుప్పటి తీసి దులిపి, ఒక కొస తను పట్టుకుని, మడతపెట్టడానికి రెండో కొస పట్టుకోమని నావైపు చాచాడు.